వెన్న తగ్గి తేట పెరిగిన ఫ్రెంచ్ భోజనం

జపనీస్ వంటకు ఆధారమైన తేట రసం దాషి. పారిస్ కుళాయి నీళ్లతో కాచిన దాషిలోకి రుచి సరిగా దిగదు. అక్కడి నీళ్లలో సున్నం ఎక్కువ. కొంబు అనే ఎండు సముద్రపు నాచును ఆ నీళ్లలో నానబెడితే కాల్షియం వెళ్లి నాచులోని ఆల్జినేట్‌ను పట్టేసుకుంటుంది, లోపలున్న రుచి బయటికి రావడం మందగిస్తుంది. బోరు నీళ్లలో ఎంతసేపు ఉడికించినా కందిపప్పు పలుకు పోని ఇళ్లవాళ్లకు ఇది తెలిసిన సంగతే. అక్కడ కాల్షియం పట్టుకునేది పప్పులోని పెక్టిన్‌ను, అంతే తేడా. అందుకే పారిస్‌లో దాషి కాచే వంటగదుల్లో వడపోసిన నీళ్లో, వోల్విక్ లాంటి ఖనిజాలు తక్కువున్న సీసా నీళ్లో వాడతారు. ఎముకల స్టాక్‌కు మాత్రం ఆ సున్నపు నీళ్లే మేలు చేస్తాయి. మాంసకృత్తులు గడ్డకట్టి తెట్టులా పైకి తేలతాయి, గరిటెతో తీసేసిన కొద్దీ రసం తేటపడుతుంది.

జపనీస్ ప్రభావం ఉన్న ఫ్రెంచ్ రెస్టారెంట్ అంటే ప్లేటు మీద యుజు అనే జపనీస్ నిమ్మజాతి పండు రసపు చుక్కలు, పులియబెట్టిన సోయా ముద్ద అయిన మిసో పూత, రెండు చెర్రీ పూరేకులు అనుకునేవాళ్లు చాలామంది. అవి పైపైన కనిపించేవి. అసలు మార్పు ప్లేటు అడుగున ఉన్న ద్రవంలో జరిగింది. వెన్న, మీగడ, గంటల తరబడి మరిగించి చిక్కబెట్టిన స్టాక్ మోసిన బరువును ఇప్పుడు నీళ్లలోకి దించిన తేట మోస్తోంది. అలాంటి భోజనానికి డబ్బు పెట్టేవాళ్లు ముందుగా రుచి చూడాల్సింది ఆ తేటనే. చారు బాగా కుదిరిందో లేదో మొదటి గుక్కలో పట్టేసే నాలుకకు ఇది కష్టం కాదు.

ఈ కలయికకు మొదటి అడుగు జపాన్ వైపు నుంచే పడింది. ఒసాకాలో 1960లో వంటల బడి పెట్టిన షిజువో త్సుజి ఫ్రాన్స్ షెఫ్‌లను పిలిచి పాఠాలు చెప్పించాడు. 1972లో ఫ్రాన్స్‌లో పేరుమోసిన షెఫ్ పోల్ బొక్యూజ్ అలాగే వెళ్లాడు. చిన్న చిన్న వడ్డింపులు వరసగా రావడం, ఏ కాలంలో దొరికేది ఆ కాలంలోనే పెట్టడం, ప్లేటులో ఖాళీ వదలడం: జపాన్ సంప్రదాయ విందైన కైసెకిలోని ఈ పద్ధతులు ఫ్రెంచ్ షెఫ్‌ల కళ్లలో పడ్డాయి. మరుసటి ఏడాది గో, మియో అనే ఇద్దరు విమర్శకులు 'నూవెల్ క్విజీన్' (కొత్త వంట) పేరుతో పది సూత్రాలు ప్రకటించారు. పిండి వేసి చిక్కబెట్టిన బరువైన సాస్‌లు వద్దన్నది వాటిలో ఒకటి. ఇవాళ ఏ పెద్ద ఫ్రెంచ్ రెస్టారెంట్‌లోనైనా కనిపించే చిన్న వడ్డింపుల టేస్టింగ్ మెనూ మీద కైసెకి నీడ ఉంది. ఫ్రెంచ్ షెఫ్ జొయెల్ రొబుషోన్ 2003లో టోక్యోలోనూ పారిస్‌లోనూ తెరిచిన 'లాతెలియే'లో తినేవాళ్లను వంటగది ఎదుట కౌంటరు దగ్గర కూర్చోబెట్టాడు. ఆ ఏర్పాటులో సగం సుషీ కౌంటరుది, మిగతా సగం స్పెయిన్‌లో చిరుతిళ్లు వడ్డించే తపాస్ బార్‌ది.

తర్వాత రాక ఎదురు దిశలో మొదలైంది. జపనీస్ షెఫ్ హిరోయుకి హిరమత్సు 2002లో పారిస్‌లో మిషలిన్ రెస్టారెంట్ గైడ్ ఇచ్చే నక్షత్రం (మూడు అత్యధికం) అందుకున్నాడు.  నగానో నుంచి వచ్చిన కేయ్ కొబయాషి 2011లో పారిస్‌లో 'కేయ్' తెరిచి 2020 జనవరిలో మూడు నక్షత్రాలు అందుకున్నాడు. ఫ్రాన్స్‌లో అంతవరకు ఏ జపనీస్ షెఫ్‌కూ మూడు రాలేదు. ఆయనకు పేరు తెచ్చిన వంటకం కరకరలాడే కూరగాయల తోట. పదుల రకాల ఆకులూ దుంపలూ పూలూ, వాటి కింద పొగబెట్టిన సాల్మన్, పైన నిమ్మ నురగ, పక్కన నల్ల ఆలివ్ పొడి. అందులో సోయా గానీ మిసో గానీ కళ్లబడవు. జపాన్ ఉన్నది కత్తి పనిలో, ప్రతి ముక్కకూ విడివిడిగా ఎంచుకున్న పక్వంలో. టోక్యోలో షూజో కిషిద నడిపే 'కాంటెసాన్స్'దీ ఇదే దారి. అక్కడ మేకపాల బవరువా అనే మెత్తని కస్టర్డ్ మీద పడేది ఉప్పూ ఆలివ్ నూనే. దాచడానికి ఏమీ లేని వంటలో పాలు బాగుండకపోతే వంటకమే లేదు.

తేట ఎలా దిగుతుంది

దాషికి లీటరు మెత్తని నీళ్లు, పది గ్రాముల కొంబు, ఇరవై నుంచి ముప్పై గ్రాముల కత్సువోబుషి చాలు. కత్సువోబుషి అంటే పొగలో ఎండబెట్టి, మేలు రకమైతే బూజు పట్టించి నెలల తరబడి మాగబెట్టిన ఒక జాతి ట్యూనా. దాన్ని కాగితం కంటే పలచగా చివ్వుతారు. కొంబును 60 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి తీసేయాలి. మరగనిస్తే జిగురు వదులుతుంది, చేదు దిగుతుంది. తర్వాత నీళ్లను 80, 85 డిగ్రీలకు తెచ్చి చేప చివ్వులు వేసి, అవి మునిగాక ఒక్క నిమిషం ఆగి బట్టలో వడకట్టాలి. బట్టను పిండకూడదు. పిండితే నీచు వాసనా మడ్డీ రెండూ దిగి తేట చెడుతుంది.

టోక్యోలో కికునాయె ఇకెద 1908లో కొంబు నుంచి గ్లుటమేట్‌ను వేరు చేసి, ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. 1913లో ఆయన శిష్యుడు కొదమ కత్సువోబుషిలో ఇనోసినేట్‌ను గుర్తించాడు. ఈ రెండూ కలిస్తే రుచి ఒకటీ ఒకటీ రెండు కాదు, అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కొవ్వు చుక్క కూడా లేని ద్రవం నోట్లో నిండుగా తోచడానికి కారణం అదే.

దూడ ఎముకల స్టాక్ పొయ్యి మీద ఎనిమిది, పది గంటలు కాగాలి. దాషి పొయ్యి మీద ఉండేది గంట పైచిలుకు. అయితే కొంబు సముద్రంలో రెండేళ్లు పెరిగింది, చేప నెలలు మాగింది. ఫ్రెంచ్ వంటవాడి కాలం పొయ్యి దగ్గర గడుస్తుంది, జపనీస్ వంటవాడి కాలం సరుకు వంటగదికి రాకముందే గడిచిపోయి ఉంటుంది. కాబట్టి సరుకు నాసిరకమైతే వంటగదిలో సరిదిద్దుకునే అవకాశం దాదాపు లేదు. యూరప్‌లో ఇదే పెద్ద చిక్కు అయింది. పొగలో పుట్టే బెంజోపైరీన్ అనే క్యాన్సర్ కారకం మీద యూరోపియన్ యూనియన్ పెట్టిన పరిమితి వల్ల జపాన్ కత్సువోబుషి తెప్పించుకోవడం కష్టమైంది. ఆ చేపకు పేరుపడ్డ మకురజాకి పట్టణపు తయారీదార్లు చివరికి 2016లో ఫ్రాన్స్‌లోని బ్రెతాన్ తీరంలో, కోంకార్నోలో, ఫ్యాక్టరీ పెట్టి అక్కడే తయారుచేయడం మొదలుపెట్టారు.

రెండూ ఒకే ప్లేటులో కలిసినప్పుడు

బుర్ బ్లాన్ అనే వెన్న సాస్‌ను తీసుకుందాం. సన్నగా తరిగిన షాలట్ ఉల్లి 50 గ్రాములు, వైట్ వైన్ 100 మిల్లీలీటర్లు, వెనిగర్ 50 మిల్లీలీటర్లు కలిపి రెండు చెంచాలు మిగిలేదాకా మరిగించి, అందులో 200 నుంచి 250 గ్రాముల చల్లని వెన్న ముక్కలు ఒక్కొక్కటిగా కలిపితే అసలు సాస్ వస్తుంది. జపనీస్ దారిలో వెళ్లే వంటగది వెన్నను సగానికి తగ్గించి, లోటును దాషితోనూ చెంచాడు తెల్ల మిసోతోనూ పూడుస్తుంది. తేలికవుతుంది నిజమే, కానీ నీటి పాలు పెరిగేసరికి వెన్న విడిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. వేడి ఎక్కువైతే విరుగుతుంది, బాగా చల్లారితే గడ్డకడుతుంది, గడ్డకట్టినదాన్ని మళ్లీ వేడి చేస్తే నూనె పైకి తేలుతుంది. అందుకే దాన్ని చివరి నిమిషంలో బ్లెండరుతో నురగ చేసి వేడి ప్లేటులో పోస్తారు. ప్లేటు ముట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేకపోతే, సాస్ అంచున పసుపు నూనె గీత కనిపిస్తుంటే, వంట కుదిరినా వడ్డన తప్పిందని అర్థం. ఫొటోల కోసం మూడు నిమిషాలు ఆగితే మాత్రం ఆ తప్పు వంటగదిది కాదు.

ఉప్పు దగ్గర ఇంకో తప్పు జరుగుతుంది. మామూలు సోయా సాస్‌లో ఉప్పు దాదాపు 16 శాతం, లేత రంగు ఉసుకుచిలో దాదాపు 18. రంగు తక్కువ కదా అని ఎక్కువ పోస్తే సాస్ ఉప్పు కషాయం అవుతుంది. ఫ్రెంచ్ అలవాటు ప్రకారం సోయా పోశాక మరిగించి చిక్కబెడితే మరీ ప్రమాదం, నీరు పోతుంది, ఉప్పు అంతా మిగులుతుంది. ముందు స్టాక్‌ను చిక్కబెట్టి, దించేముందు సోయా చుక్కలు వేయడం సరైన వరస. మిసో కూడా మరగకూడదు, మరిగితే సువాసన పోయి ఉప్పదనం మాత్రమే నిలుస్తుంది.

చవాన్‌ముషి అనే గుడ్డు కస్టర్డ్ ఇలాంటి రెస్టారెంట్లలో తరచూ మొదట్లో వస్తుంది, మీద పీత మాంసమో పుట్టగొడుగుల నురగో వేసి. ఒక గుడ్డుకు మూడు రెట్లు దాషి కొలత. గిలక్కొట్టకుండా కలిపి, వడకట్టి, 80, 85 డిగ్రీల ఆవిరిలో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచుతారు. ఆవిరి ఎక్కువైతే లోపల నీరు మరిగి చిల్లులు పడతాయి. ఆవిరి మించిన జున్ను గుల్లబారి నీరు వదిలినట్టే ఇదీ చెడుతుంది. చెంచా దించినప్పుడు చీలిక నునుపుగా ఉండి, తేట నీరు కొద్దిగా మాత్రమే ఊరితే బాగా కుదిరినట్టు. ఖరీదైన కేవియార్ కంటే ఈ చిన్న గిన్నె వంటగది క్రమశిక్షణను ఎక్కువగా బయటపెడుతుంది.

చేప విషయానికొస్తే, జపాన్ నుంచి ఫ్రెంచ్ వంటగదికి వచ్చిన విలువైన పాఠాలు మంట మీద పెట్టకముందువి. ఇకెజిమె పద్ధతిలో చేపను పట్టగానే మెదడులో ములుకు దించి, రక్తం పోయేలా కోసి, వెన్నుపాము గుండా సన్నని తీగ నడుపుతారు. గిలగిల కొట్టుకోకపోవడం వల్ల కండరాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం మిగులుతుంది, బిగుసుకుపోవడం ఆలస్యమవుతుంది, ఆ ఏటీపీయే తర్వాత మెల్లగా ఇనోసినేట్‌గా మారుతుంది. బ్రెతాన్ జాలర్లలో కొందరు ఇప్పుడు ఈ పద్ధతిలోనే చేపను అమ్ముతున్నారు. 'తాజా చేప' అంటే ఆ ఉదయం పట్టినదే అనే నమ్మకం ఇక్కడ పనిచేయదు. సరిగా చంపి, మంచులో రెండు మూడు రోజులు మాగిన తెల్ల చేపకే రుచి ఎక్కువ.

పచ్చిగా పెట్టే చేపకు కొబుజిమె ఒక పద్ధతి. ముక్కకు కొద్దిగా ఉప్పు పట్టించి, సాకె అనే బియ్యపు మద్యంతో తుడిచిన రెండు కొంబు పలకల మధ్య ఫ్రిజ్‌లో కొన్ని గంటలు ఉంచుతారు. నీరు తగ్గి చేప గట్టిపడుతుంది, నాచు రుచి లోపలికి దిగుతుంది. పలచని ముక్కకు రెండు మూడు గంటలు చాలు. రాత్రంతా వదిలేస్తే గోధుమ రంగు తిరిగి నమిలేటప్పుడు సాగుతుంది. నిమ్మరసం ముందే పోసి పెట్టడం ఇంకో తరచు తప్పు. పులుపుకు చేప పైపొర తెల్లబడి ఉడికినట్టవుతుంది, పచ్చి చేప నిగారింపు పోతుంది. యుజును దబ్బకాయలా చూడాలి. సొగసంతా తొక్కలోనే ఉంటుంది, వేడికి ఎగిరిపోతుంది, కాబట్టి ప్లేటు బయల్దేరేముందే తురమాలి. వసాబీకీ అంతే. అసలైన వేరును తురిమిన పావుగంటలో ఘాటు తగ్గిపోతుంది. ట్యూబులో వచ్చేది చాలావరకు రంగు వేసిన హార్స్‌రాడిష్. పెద్ద బిల్లు వేసే చోట ట్యూబు వసాబీ కనిపిస్తే మిగతా సరుకు మీద కూడా అనుమానం పెట్టుకోవడం న్యాయమే.

పొలుసులతోనే వేయించిన చేప ఈ కలయికలో అందమైన వంటకం. పొలుసు తీయని ముక్కకు ఉప్పు వేసి, పైతడి పూర్తిగా ఆర్చి, 180 నుంచి 200 డిగ్రీల నూనెను గరిటెతో పొలుసుల మీద పోస్తారు. అవి ఒక్కొక్కటీ లేచి నిలబడి దేవదారు కాయలా విచ్చుకుంటాయి. జపాన్‌లో దీన్ని మత్సుకసయాకి అంటారు, అక్కడ దీనికి అమదాయి చేప వాడతారు. తడి మిగిలితే నూనె చిందుతుంది, పొలుసు లేవదు. పెద్ద మందమైన పొలుసున్న చేపైతే ఎంత వేయించినా నోట్లో గోళ్లలా గుచ్చుకుంటుంది. లోపలి కండ 50 డిగ్రీల చుట్టుపక్కలే ఆపుతారు కాబట్టి మధ్యలో కాస్త పారదర్శకంగా కనిపిస్తుంది. ఉడకలేదని వెనక్కి పంపాల్సిన పని లేదు.

వీటన్నిటి కంటే పెద్ద తప్పు మోతాదు లేకపోవడం. పర్మేసాన్, కొంబు, సోయా, ఎండు పుట్టగొడుగులు, ట్రఫుల్ నూనె ఒకే మెనూలో వరసగా వస్తే నాలుగో వడ్డింపుకే నాలుక మొద్దుబారుతుంది, ఏది తిన్నా ఒకటే రుచి. మంచి షెఫ్ నిండు రుచి తర్వాత చేదు ఆకో, పులుపో, ఏ రుచీ కలపని పచ్చి ముల్లంగి ముక్కో పెడతాడు. ఆ విరామం లేని మెనూ సరుకు ఎంత గొప్పదైనా అలసట పుట్టిస్తుంది.

టేబుల్ దగ్గర

వరస సాధారణంగా ఇలా నడుస్తుంది: నోటిలో పట్టే రెండు మూడు చిరుతిళ్లు, చల్లని ముందు వంటకం, వెచ్చని తేట లేదా కస్టర్డ్, చేప, మాంసం, కొన్నిచోట్ల చీజ్, ఆపైన పులుపు పాలు ఎక్కువున్న చిన్న తీపి, అసలు డెజర్ట్, చివర కాఫీతో ముద్దల్లాంటి మిఠాయిలు. రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. జపాన్‌లో కొన్నిచోట్ల తీపికి ముందు మట్టికుండలో వండిన అన్నం కూడా వస్తుంది. మొదట్లోనే వచ్చే రొట్టె, నాచు కలిపిన వెన్న ఎంత బాగున్నా ఒక్క ముక్కతో ఆపడం మంచిది. మూత ఉన్న గిన్నె వస్తే, మూత తీసిన వెంటనే వచ్చే ఆవిరి వాసన కూడా వంటకంలో భాగమే. మూత బిగుసుకుంటే గిన్నె అంచులను రెండు వేళ్లతో మెల్లగా నొక్కితే గాలి వెళ్లి వదులవుతుంది. జపనీస్ గిన్నెను చేత్తో ఎత్తి తాగవచ్చు, ఫ్రెంచ్ లోతు ప్లేటును ఎత్తరు. అత్తరు పూసుకుని వెళ్లకూడదు. తేట వాసన మీద నడిచే భోజనం కాబట్టి పక్క టేబుల్ వాళ్లకు కూడా అది చెడుపు చేస్తుంది.

తెలుగువాళ్లకు అన్నిటికంటే అక్కరకొచ్చే సంగతి, తినని పదార్థాలను బుకింగ్ రోజే రాతపూర్వకంగా చెప్పడం. మెనూ ముందే తీర్మానమై, స్టాక్‌లు ముందు రోజే కాగి ఉంటాయి, కూర్చున్నాక చెబితే ఆ వంటకం తీసేయడమే మిగులుతుంది. 'వెజిటేరియన్' అన్న ఒక్క మాట చాలదు. దాషిలో చేప ఉంటుందని చాలామందికి తట్టదు, కూరగాయల వంటకాన్ని కూడా దానిలోనే ఉడికిస్తారు. కోడి, బాతు సాస్‌ల అడుగున తరచుగా దూడ స్టాక్ ఉంటుంది, కాబట్టి గొడ్డుమాంసం తినమని చెప్పేవాళ్లు స్టాక్ సంగతి విడిగా అడగాలి. బవరువా, జెల్లీలు జెలటిన్‌తో గట్టిపడతాయి, అది పందిదో ఆవుదో చేపదో కావచ్చు. పర్మేసాన్, కోంతే చీజ్‌లను దూడ కడుపులోని రెనెట్‌తో విరుస్తారు. మద్యం ముట్టనివాళ్లు మిరిన్ (వంటలో వాడే తియ్యని బియ్యపు మద్యం), సాకె, వైన్ మూడింటినీ పేరుపేరునా చెప్పాలి. మరిగించినా మద్యం పూర్తిగా పోదు.

శాకాహారులకు ఇవ్వడానికి వంటగది దగ్గర మంచి మార్గమే ఉంది. పది గ్రాముల కొంబు, పది పదిహేను గ్రాముల ఎండు షీటాకే పుట్టగొడుగులు లీటరు చల్లని నీళ్లలో రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టి, తర్వాత మెల్లగా కాచి వడకట్టిన దాషి. షీటాకేలోని గ్వానిలేట్ కొంబు గ్లుటమేట్‌తో కలిసి చేప చేసే పనినే చేస్తుంది. బౌద్ధ మఠాల వంటలో వాడుకలో ఉన్న తేట ఇది. 'కొంబు, షీటాకే దాషి వీలవుతుందా' అని పేరు పెట్టి అడిగితే వంటగదికి చప్పున అర్థమవుతుంది, బదులుగా ఉడికించిన క్యారెట్లు రావు.

గర్భిణులు పచ్చి చేప మానడం మేలు. పురుగుల బెడద లేకుండా చేపను మైనస్ 20 డిగ్రీల దగ్గర కనీసం 24 గంటలు గడ్డకట్టించాలని యూరప్ నిబంధన, కానీ గడ్డకట్టించడం బాక్టీరియాను చంపదు.

తాగేవాళ్లకు ఒక్క మాట. సముద్రపు చేప, సోయా, నాచు ఉన్న వడ్డింపులతో రెడ్ వైన్ తాగితే నోట్లో నీచు వాసన ఎందుకు మిగులుతుందో జపాన్‌లోని ఒక వైన్ సంస్థ పరిశోధకులు 2009లో తేల్చారు. కారణం వైన్‌లోని ఇనుము. చేప కొవ్వుతో కలిసి అది నీచు వాసన పుట్టిస్తుంది. ఇనుము తక్కువున్న వైన్‌తో ఆ బాధ లేదు. సాకె కాచేవాళ్లు ఇనుము లేని నీళ్లే ఎంచుకుంటారు కాబట్టి, చేపలు వచ్చే మొదటి సగానికి సాకె సరిగ్గా సరిపోతుంది. అయితే అందులో మద్యం 15, 16 శాతం, వైన్ కంటే కాస్త ఎక్కువే.

బిల్లు దేశాన్ని బట్టి మారుతుంది. ఫ్రాన్స్‌లో మెనూ ధరలోనే పన్నూ సేవా రుసుమూ ఉంటాయి. సింగపూర్‌లో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే పది శాతం సేవా రుసుము, ఆ మొత్తం మీద తొమ్మిది శాతం జీఎస్‌టీ కలుస్తాయి, అంటే రాసిన ధర మీద దాదాపు ఇరవై శాతం అదనం. జపాన్‌లో ఈ స్థాయి రెస్టారెంట్లు పది నుంచి పదిహేను శాతం సేవా రుసుము వేస్తాయి, టిప్ ఎవరూ ఆశించరు. ఏ దేశంలోనైనా మధ్యాహ్నపు మెనూ అదే వంటగది నుంచి రెండు మూడు వడ్డింపులు తక్కువతో, చాలా తక్కువ ధరకు వస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు దానితోనే మొదలుపెట్టాలి.